అమ్మ మానేసిన విభూతి

మా అమ్మ విభూతి పెట్టుకోవడం ఎందుకు మానేసిందో ఏండ్ల తరబడి నాకు తెలియలేదు.

తమ్ముడు పోయిన దుఃఖంలో దేవుని మీద అలిగిందని ఊళ్ళో అనుకున్నారు. మొదట్లో నేనూ అట్లే అనుకున్నాను. కొడుకు పోయిన తల్లి అలగదా? కానీ అలిగిన మనిషి దీపం పెట్టదు కదా. అమ్మ దీపం మానలేదు. సోమవారం ఒక్కపొద్దు మానలేదు. తెల్లవారి స్నానం చేసి, తడిబట్టతోనే శివునికి నీళ్ళు పోసి, ఆయన పేరు తలుచుకున్నాకనే కాఫీ నోట్లో పోసుకునేది. నాయన పోయి కుంకుమ తీసేసినప్పటి నుంచి ఆమె నొసటికి విభూతి ఒక్కటే అలంకారం. అదొక్కటే లేకుండా పోయింది. కోపం దేవుని మీదనైతే అన్నీ మానాలి. ఆ ఒక్క బూడిద మీదనే ఎందుకు?

విభూతి మా ఇంట్లో కొనేది కాదు. శివరాత్రికి ముందు అమ్మ నాటు ఆవు పేడ తెప్పించి, ఉండలు చేసి, మిద్దె మీద ఎండబెట్టి, వడ్ల పొట్టులో కాల్చేది. తెల్లగా కాలినదాన్ని నీళ్ళలో కలిపి, పలచని గుడ్డలో వడగట్టి, మళ్ళీ ఉండలు కట్టేది. రత్నమ్మ విభూతి అంటే మా చుట్టు పల్లెల్లో పేరు. నొసటికే కాదు, బాలింతల ఇండ్ల నుంచి కూడా వచ్చి అడిగి తీసుకుపోయేవాళ్ళు. పుట్టిన బిడ్డ బొడ్డు ఊడి పడేదాకా దాని మీద ఈ విభూతి చల్లితే పుండు ఆరుతుందని నమ్మకం. నాకూ, మా తమ్మునికీ, నా పిల్లలకూ అమ్మ అట్లే చల్లి పెంచింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఊళ్ళో కూడా ఎవరికీ ఏమీ కాలేదనే మేము అనుకుంటాము. ఏమన్నా అయినా వాళ్ళు మా ఇంటికి వచ్చి చెప్పరు కదా.

తమ్ముడు పోయిన మరుసటి శివరాత్రికి అమ్మ పేడ తెప్పించలేదు. గొర్రెలు మేపే కుళ్లాయప్ప మనవరాలికని విభూతి అడగను వస్తే, గడప లోపల నుంచే అరిచినట్టు చెప్పింది.

"యాడిది విభూతి? లేదు పో. బొడ్డుకు ఏమీ పూయద్దండప్పా. నర్సమ్మ ఏం చెప్తే అది చేయండి. ఉత్తగా ఇడిస్తే అదే ఆరుతాది."

కుళ్లాయప్ప నా వైపు చూసినాడు, ముసలామెకు మతి చలించిందా అన్నట్టు. ముందరి అంగట్లో ఉన్న నేను తక్కెడ ముల్లు చూస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆ పొద్దే అడగవలసింది. కానీ కొన్ని ప్రశ్నలు అడగకముందే వాటి జవాబు మనిషిని భయపెడుతుంది.

మాది వజ్రకరూరు. మెయిన్ రోడ్డు మీద చిల్లర సరుకుల అంగడి. నేను మల్లికార్జునయ్య, పెద్దవాణ్ణి. తమ్ముడు అశోక్ నాకంటే పదేండ్లు చిన్న. సరుకు నాది, మాట వానిది. తొలకరి వానలు పడగానే ఎక్కడెక్కడి జనమో వజ్రాలు ఏరుకోవడానికి మా చేలల్లోకి వచ్చి దిగుతారు. వాళ్ళలో ఒకడు "వజ్రం దొరికినాక ఇస్తానన్నా" అని బిస్కత్తు పొట్లం చేత పట్టుకుంటే, అశోక్ "దొరికినాక నువ్వు మా అంగడి తట్టు చూస్తావా సామీ? దొరకకముందే ఇచ్చిపో" అనేవాడు. వాడు నవ్వుతూ ఇచ్చిపోయేవాడు.

ఆ యేడు అట్లా జనం నిండిన రోజుల్లోనే వానికి కడుపునొప్పి వచ్చింది. గ్యాసు అనుకొని సోడా తాగినాడు. అంగడి మూయడం ఇష్టం లేక ఓర్చుకున్నాడు. తీరా కడుపు చెక్క మాదిరి గట్టిపడినాక అనంతపురం తీసుకుపోయినాము. పేగుకు రంధ్రం పడి చీము లోపలంతా పరుచుకుందన్నారు. ఆపరేషన్ చేసి ఐసీయూలో వేసి, ఊపిరికని నోట్లో ఒక గొట్టం పెట్టినారు. బీపీ నిలవడం లేదని, దానికి పెట్టే మందు చేతి నరాలకు ఓర్వదని, మెడ పక్కన గొట్టం వేసినారు.

ఐసీయూ తలుపు దగ్గర ఒక తొట్టి, కొళాయి, సబ్బునీళ్ళ సీసా. పక్కన నిలబడి ఉండేది సువార్త. అక్కడి నర్సులకు పెద్ద. పొట్టి మనిషి, గట్టి గొంతు.

"అన్నా, చేతులు."

"ఇప్పుడే కడుక్కొని వచ్చినానమ్మా."

"యాడ?"

"కింద, కాఫీ అంగడి కాడ."

"ఆడ కడిగింది కాఫీ తాగేదానికి పనికొస్తాది. ఈడ మళ్ళా కడుక్కో."

నేను కడుక్కున్నాను. అమ్మ మాత్రం కదలలేదు. లాడ్జిలో తలకు పోసుకొని, దారిలో ఎవరి నీడా తగలకుండా గోడ వారగా నడిచి వచ్చింది.

"నేను మడితో వచ్చినా," అంది.

"మంచిదవ్వా. చేతులు కడుక్కో."

"మడి అంటే తెలుసునా నీకు?"

"తెలీకేమవ్వా? మా యమ్మ మీ అట్లాంటోళ్ళ ఇండ్ల బయట నిలబడే పనులు చేసింది." ఆ మాటలో కోపం లేదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. "మీ మడి మీ వంటింట్లో. ఈడ మా మడి. రా, నీళ్ళు ఇడుస్తా."

ఆ నర్సు పేరేమని అమ్మ నన్ను అడిగింది. ఆమె రొమ్ము మీది బిళ్ళ చదివి చెప్పినాను. సువార్త అంటే ఎవరో అమ్మకు అర్థమయింది. కొంగు దగ్గరికి లాక్కొని, నీళ్ళ కింద చేతులు పెట్టింది. బయటికి వచ్చినాక మాత్రం, "గట్టి పిల్ల. మడి పట్టే మనిషే" అంది. అమ్మ నోట అంతకు మించిన పొగడ్త నేను వినలేదు.

ఆ గొట్టం ఏమిటో మాకు చెప్పింది కూడా సువార్తే. "ఇది మెడలో నుంచి గుండె దగ్గరి దాకా పోతాది. నోట్లో పడిన మురికిని కడుపు అరిగించుకుంటాది. దీని నోట్లో పడింది నేరుగా నెత్తురే. అందుకే ఎవురూ ముట్టద్దు. మేము ముట్టినా రుద్దే ముట్టల్ల." మందు ఎక్కించే ప్రతిసారీ ఆ గొట్టం నోటిని స్పిరిటు గుడ్డతో, ఇత్తడి చెంబు తోమినట్టు తిప్పి తిప్పి రుద్దేది. ఆరేదాకా ఆగేది. మెడ మీద గొట్టం దిగిన చోట, లోపల కనిపించేట్టు పలచని పట్టీ అంటించి ఉండేది. గడ్డం మాసి, చెమటకు ఆ పట్టీ అంచు లేస్తే కొత్తది వేసేది.

డాక్టరు వంశీకృష్ణ వయసులో చిన్నవాడు, మంచివాడు. ఒకసారి ఫోనులో మాట్లాడుతూ వచ్చి అశోక్ మెడ మీద చేయి వేయబోయినాడు.

"సార్, చేతులు," అంది సువార్త.

"కడిగినాను సిస్టర్."

"నేను చూల్లేదు సార్."

ఆయన నవ్వి వెనక్కి పోయి కడుక్కొని వచ్చినాడు. అప్పటికి అశోక్‌కు నోట్లో గొట్టం తీసేసి ఉన్నారు. గొంతు బొంగురుగా, "అన్నా, ఈమెను మన అంగట్లో కూర్చోబెడితే ఉద్దర అడిగేవాడు ఉండడు" అన్నాడు. వాని భార్య సుష్మిత ఎన్నో రోజుల తర్వాత నవ్వింది. వాడు బతికినాడని ఆ నవ్వుతో మేము నమ్మినాము.

నిజంగానే కోలుకుంటున్నాడు. బీపీ మందు ఆపేసినారు. గంజి తాగుతున్నాడు. సువార్త రోజూ డాక్టరును అడిగేది, ఈ గొట్టం ఈ పొద్దు కావాల్నా అని. ఆయన రోజూ ఒకే మాట చెప్పేవాడు, "ఉండనీ సిస్టర్. చేతి నరాలు దొరకడం లేదు కదా. మళ్ళీ బీపీ పడితే? వార్డుకు పంపేటప్పుడు తీద్దాం." ఆయన చెప్పిందీ నిజమే. వాని చేతులు సూదులకు నల్లబడి ఉన్నాయి. ఏది ఎక్కువ నిజమో అప్పుడు ఎవరికి తెలుస్తుంది?

వార్డుకు మారుస్తామన్న ముందురోజు సందకాడ అమ్మ ఒక్కతే లోపలికి పోయింది. ఆ పూట రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలిన ఇద్దరిని ఒకేసారి తెచ్చి, లోపల నర్సులంతా వాళ్ళ చుట్టూ ఉన్నారు. అమ్మ బయటికి వచ్చినప్పుడు ముఖం తేటగా ఉంది. "ఇంక వానికేం గాదు" అంది. అంత గట్టిగా ఎట్లా చెప్తుందని నేను అడగలేదు. తల్లి మనసు అనుకున్నాను.

మరుసటి పొద్దున సువార్త బయటికి వచ్చింది. మేము ముగ్గురం బల్ల మీద కూర్చొని ఉన్నాము.

"మీలో ఎవురన్నా అశోక్ మెడ కాడ పట్టీ లేపినారా?"

"లేదమ్మా," అన్నాను.

"అంచు లేచింటే నిన్న సందకాడ మార్చల్లనుకున్నా. ఆ ఇద్దరూ వచ్చిన గలాటలో కుదర్లేదు. ఇప్పుడు చూస్తే ఎవురో గట్టిగా ఒత్తి అంటించినట్టు ఉండాది. లోపల తడిగా ఉండాది. తీసి తుడిచి కొత్తది వేసినా. మా పిల్లోళ్ళు ఎవురూ ముట్టలేదంటాండారు." ఆమె అమ్మ వైపు తిరిగింది. "అవ్వా, నువ్వేమన్నా చేసినావా? కోప్పడను. చెప్పు. చెప్తే నేను చేసేది వేరే ఉంటాది."

అమ్మ లేచి నిలబడింది.

"నేనా? నా కొడుకును నేను చంపుకుంటానా? మీ చేతులే ఏమేం ముట్టి వస్తాయో మీకే తెలియల్ల. మీ ఇండ్లల్లో ఏం తింటారో, ఏం పట్టుకుంటారో. మమ్మల్నడుగుతావేం?"

బల్ల మీద ఉన్న ఇతర పేషెంట్ల తరఫువాళ్ళంతా తిరిగి చూసినారు. సువార్త తన రెండు చేతులూ ఒకసారి చూసుకొని లోపలికి పోయింది. నాకు సిగ్గు వేసింది. "ఏంటమ్మా ఆ మాటలు" అన్నాను. అమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది.

మధ్యాహ్నానికి అశోక్‌కు చలి పట్టుకుంది. అట్లాంటి వణుకు నేను ఎక్కడా చూడలేదు. మంచం ఇనుప కాళ్ళు నేల మీద టకటకలాడినాయి. గొట్టం పీకేసినారు. నెత్తురు పరీక్షకు తీసినారు. పెద్ద పెద్ద మందులు రాసినారు, నేను పరుగెత్తి తెచ్చినాను. ఒళ్ళు కాలుతున్నా వాడు చలి చలి అంటూనే ఉన్నాడు. చివరికి వానికి ఆసుపత్రి అనే తెలివి కూడా పోయింది. "అన్నా, గాలి కొడ్తాంది. అంగడి తలుపు ముయ్యన్నా" అన్నాడు. "మూసినాన్రా" అన్నాను. నాతో వాడు అన్న ఆఖరి మాట అదే. బీపీ పడింది. మళ్ళీ నోట్లో గొట్టం వేసినారు. ఆ గొట్టంతోనే పోయినాడు.

డాక్టరు నన్ను గదిలోకి పిలిచి చెప్పినాడు. "నెత్తురులో క్రిమి చేరిందండీ. మెడ గొట్టం దారినే వచ్చింది."

"ఎవరి వల్ల సార్?"

"అది చెప్పలేము. మా చేతుల వల్ల కావచ్చు. చర్మం మీద ఉన్నదే దిగి ఉండొచ్చు. పట్టీ అంచు లేచి ఉండటం వల్ల కావచ్చు. నేను ఆ గొట్టం ఇంకా ముందే తీసి ఉండాల్సింది." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చివరి మాట చెప్పకపోయినా నేను ఆయనను అడిగేవాణ్ణి కాదు. చెప్పినాడు.

మా బంధువులు ఊరుకోలేదు. ఆసుపత్రి ముందర గొడవ చేసినారు. పట్టీ మార్చవలసిన నర్సు మార్చలేదన్న మాట ఎట్లా బయటికి వచ్చిందో వచ్చింది. బహుశా సువార్తే దాచకుండా చెప్పుకొని ఉంటుంది. ఆమెను ఐసీయూ నుంచి తీసేసినారని, తర్వాత ఆమే ఉద్యోగం వదిలి పోయిందని విన్నాము. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ చాటలో కంది బేడలు చెరుగుతూ ఉంది. చాట ఆగింది. మళ్ళీ కదిలింది. మరునాటి నుంచి ఆమె నొసట విభూతి చూడలేదు.

అప్పటికే ఆమెకు షుగరు. తర్వాతి ఏండ్లలో కిడ్నీలు దెబ్బతిన్నాయి. డయాలసిస్ తప్పదన్నారు. ముంజేతికి చిన్న ఆపరేషన్ చేసి నరాన్ని పెద్దది చేస్తారట, అది తయారయ్యేదాకా మెడలో గొట్టం ఉండాలట. గొట్టం అన్న మాట వినగానే అమ్మ పెదవులు తెల్లబడినాయి. "నా మెడలోనా?" అంది. "తప్పదమ్మా" అన్నాను. "అయితే వేయమను. అదే సరి" అంది. ఆ అదే సరి ఏమిటో నాకు అర్థం కాలేదు.

గొట్టం పడినాక అమ్మ ఇంకో మనిషి అయింది. మనవళ్ళను మంచం దగ్గరికి రానీయలేదు. తల తడవకుండా, మెడ తడవకుండా ఒంటికి మాత్రం తుడిపించుకునేది. ఏండ్ల నాటి తలస్నానం, తడిబట్ట, మడి, అన్నీ వదిలేసింది. నా భార్య పద్మప్రియ ఒక రోజు శ్రీశైలం పోయి వచ్చిన బంధువులు ఇచ్చిన విభూతి పొట్లం తెచ్చి, "అత్తా, మెడకు కొంచెం పూస్తానుండు, మల్లన్నది" అంది. అమ్మ అరిచిన అరుపుకు అంగట్లో ఉన్న నేను లోపలికి పరుగెత్తినాను.

"దూరం పో! ఈ గొట్టం కాడికి తెచ్చినావంటే నీ చేయి ఇరుస్తా!"

పద్మప్రియ ఏడ్చింది. "దేవుని ప్రసాదాన్ని అంత మాట అంటుందా?" అని. నేను ఏం చెప్పేది? ఆ పొద్దు నా లోపల ఇన్నేండ్లుగా తలుపు సందులో నుంచి చూస్తున్నదేదో తలుపు నెట్టుకొని బయటికి వచ్చినట్టయింది. తెలిసినట్టే ఉంది, తెలియనట్టూ ఉంది. ఈశ్వరుడు ఆ బూడిదలో ఉంటాడని కదా నాకు చిన్నప్పుడు నేర్పింది. ఉంటే, ఏ చోట ఉంటాడు, ఏ చోట ఉండడు?

మాకు దగ్గర గుంతకల్లు. అక్కడి డయాలసిస్ కేంద్రానికి వారానికి మూడు మార్లు. మొదటి రోజు అమ్మను మంచం మీద పడుకోబెట్టినాక, మాస్కు కట్టుకున్న నర్సు ఒకామె వచ్చి అమ్మకు కూడా మాస్కు కట్టింది.

"అవ్వా, ముఖం ఆ పక్కకు తిప్పు. మాట్లాడద్దు. గొట్టం నోరు తెరుస్తాండా."

ఆ గొంతు నాకూ తెలిసింది. అమ్మకూ తెలిసింది. అమ్మ ముఖం తిప్పలేదు. ఆమె చేతుల వైపే చూస్తూ ఉంది. సువార్త సబ్బుతో కడుక్కొని, తుడుచుకొని, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ పోయి కడుక్కొని వచ్చింది. చేతి వేళ్ళ కణుపుల మీద తోలు లేచి, పగిలి, ఎర్రగా ఉంది. అప్పుడు చేతి తొడుగులు వేసుకుంది.

"మీరు అశోక్ వాళ్ళన్న కదా," అంది నాతో. అంతే. పని పూర్తి చేసింది. గొట్టం నోరు ఇదివరకటి మాదిరే తిప్పి తిప్పి రుద్దింది.

మిషను ఆగి, గొట్టం నోరు మూసినాక అమ్మ మాస్కు కిందికి లాగి అడిగింది.

"ఏం పాపా, నీ చేతులట్లుండాయి?"

"ఎక్కువ కడుగుతానవ్వా. ఒకసారి కడిగితే నమ్మకం కుదరదు."

"ముందునుంచీ ఇంతేనా?"

"లేదవ్వా. మీ అశోక్ పోయినప్పటి నుంచే. డాక్టరుకు చూపించుకుంటి. మందు రాసిచ్చినాడు. చేతులకు సరే, తలకాయలో తిరిగేదానికి మందు లేదంట." నవ్వబోయింది. "ఆ పొద్దు పట్టీ మార్చింటే అనిపిస్తాది. ఆ ఇద్దరిని చూసినాక, కడుక్కోకుండా మీవాణ్ణి ముట్టినానేమో అనిపిస్తాది. కడుక్కున్నట్టే గుర్తు. కానీ గుర్తును ఎట్ల నమ్మేది?"

ఊరికి వచ్చినాక రెండు రోజులు ఇంట్లో అమ్మ అన్నం కలిపిన చేయి ముద్ద ఎత్తకుండా కంచంలోనే ఉండిపోయేది.

మళ్ళీ గుంతకల్లు పోయినప్పుడు, సువార్త చేతులు కడుక్కొని రాగానే అమ్మ తన చేయి అడ్డం పెట్టింది.

"ఆగు. ముట్టద్దు. ముందు నా మాట ఇను."

"మాస్కు తీయద్దవ్వా."

"తీయను. ఇను. మల్లీ, నువ్వూ ఇను."

నేను మంచం దగ్గరికి పోయినాను.

"ఆ పట్టీ లేపింది నేనే," అంది అమ్మ. "అంచు లేచింది. లోపల గొట్టం దిగిన బొక్క కనపడె. చిన్నబిడ్డ బొడ్డు మాదిరే ఉండె, ఎర్రగా. నా బిడ్డ బొడ్డు ఆరింది నా విభూతితోనే కదా. తీర్థంతో తడిపి, వేలితో లోపలికి పూసి, పైన పట్టీ ఒత్తేసినా. నేను మడితో ఉండా, సబ్బుతో కడిగినా, నా చేతికంటే శుద్ధమైన చెయ్యి యాడుంది అనుకుంటి. మరుసటి పొద్దున నువ్వు అడిగితివి. చెప్తే నన్ను ఇంక లోపలికి రానీవని భయపడితి. వాణ్ణి చూడకుండా యాడుండేది? అందుకని నిన్ను అన్నా, నీ కులాన్ని అన్నా, నీ చేతులను అన్నా."

సువార్త రెండు చేతులూ ఎక్కడా తగలకుండా పైకి ఎత్తి పట్టుకొని అట్లే నిలబడి ఉంది.

"నాకు ఒకటి చెప్పు," అంది అమ్మ. "నువ్వడిగినప్పుడు చెప్పింటే, గొట్టం అప్పుడే పీకేసిందురా?"

అవునని చెప్పొద్దు తల్లీ, కాదని చెప్పు అని నేను లోపల మొక్కుకున్నాను. ఎవరికి మొక్కుకున్నానో కూడా తెలియదు.

"పీకేసిందుమవ్వా," అంది సువార్త. "డాక్టరుతో కొట్లాడైనా అప్పుడే పీకిచ్చిందును. మీవాడు బతికిండునా అంటే, ఎవురూ చెప్పలేరు."

అమ్మ తల ఊపింది. ఆ మాట తెలిసే అడిగిందని అప్పుడు నాకు అర్థమయింది. కంటి పక్కన నీళ్ళు జారి మాస్కు తాడు తడిసింది.

సువార్త ఏడుపు ఆపుకోలేకపోయింది. "నేనూ మార్చలేదవ్వా పట్టీ. నేను మార్చింటే నీకు ఆ బొక్క కనపడదు. డాక్టరు తీసింటే గొట్టమే ఉండదు. క్రిమి యాడనుంచి వచ్చిందో ఈ పొద్దుకూ తేల్చలేము."

"తేల్చద్దులే. నీ వాటా, ఆ డాక్టరు వాటా నాకెందుకు? నువ్వు అడిగినదానికి నేను జవాబు బాకీ పడితి. నీ చేతులకు తెలియకుండా నా చెయ్యి పోయింది ఆడికి. అది నీకు చెప్పకుండా సచ్చిపోతే, అప్పు మీద పోయినట్టే. ఇచ్చేసినా. తీసుకో."

సువార్త కొంతసేపు అమ్మనే చూసింది. కోపం ఉందో జాలి ఉందో, జారిన మాస్కు పైన కళ్ళు, ముక్కు తప్ప కనబడక నాకు తెలియలేదు. ఉంటే రెండూ ఉండొచ్చు.

"తీసుకున్నానవ్వా," అంది.

"ఇంక నీ పని చూడు. ఏడ్చి ఏడ్చి మాస్కు ముక్కు కిందికి జార్చుకున్నావు. అది సరిగ్గా పెట్టుకోకుండా నా గొట్టం తెరిచేవు, జాగ్రత్త."

"పెట్టుకుంటాలే అవ్వా. నువ్వు ముఖం ఆ పక్కకు తిప్పు."

అమ్మ ముఖం గోడ వైపు తిప్పింది.